చప్పుడు చేసిన కత్తి

కత్తి పుట్టేది కత్తులాయన చేతుల్లో. అది బతుకుతుందో చస్తుందో తేల్చేది మాత్రం ఆయన భార్య చెవులు. ఈ సంగతి వీధంతటికీ తెలుసు. అందుకే ఏనాడూ సుత్తి పట్టని ఆ ఇల్లాలికి కూడా కత్తులావిడ అనే పేరు వచ్చి పడింది.

ఆయన ముప్పై ఏళ్ళు బస్సుల డిపోలో, చక్రాల కుదుపు కాచే ఉక్కు కమాన్‌పట్టీలు కాల్చి, వంచి, సుత్తితో సరిచేసి రిటైరయ్యాడు. వెళ్ళేరోజు డిపోవాళ్ళు ఆయనకు ఒక గోడ గడియారం ఇచ్చి, చెవులు రెండూ ఉంచేసుకున్నారు. ఇంటికొచ్చి నెల తిరక్కుండానే పెరట్లో రేకుల షెడ్డు వేసి కొలిమి పెట్టాడు. పాత లారీల కమాన్‌పట్టీలు కొనుక్కొచ్చి, ముక్కలు చేసి, సాగగొట్టి, వంటింటి కత్తులు చేస్తాడు. ఒక్కో కత్తికి మూడు నాలుగు రోజులు పడుతుంది. నున్నగా రుద్దడం, పిడి బిగించడం ఆవిడ పని.

ఆ పనంతటిలోకీ గండం ఒక్క నిమిషం. ఎర్రగా కాలిన కత్తిని పటకారుతో పట్టుకుని నూనె డబ్బాలో నిలువునా ముంచే నిమిషం. అంతా బాగుంటే నూనె బుసబుసమని ఊరుకుంటుంది. బాగాలేకపోతే ఆ బుసల మధ్య ఎక్కడో ‘టిక్’మని చిన్న చప్పుడు, గోరు విరిచినట్టు. అంటే ఉక్కులో ఎక్కడో నెర్రె విచ్చిందన్నమాట. పైకి ఏమీ కనబడదు. ఆ కత్తి కొన్నాళ్ళు బుద్ధిగా కోస్తుంది కూడా. ఒకరోజు గట్టిదాని మీద బలంగా నొక్కగానే ముక్క ఎగిరి, కోసేవాళ్ళ చేతిలోకో కంట్లోకో పోతుంది.

డిపో మోతకు చెవులు పోయిన ఆయనకు ఆ చప్పుడు వినబడదు. అందుకని ముంచే ముందు ఒక కేక వేస్తాడు. ఆవిడ పొయ్యి మీద ఏముంటే అది దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి డబ్బా పక్కన నిలబడుతుంది. ఆయన ముంచుతాడు. ముంచి ఆవిడ మొహంలోకి చూస్తాడు.

“ఏమంది?”

“ఏమనలేదు” అంటే కత్తి బతికినట్టు. “అంది” అంటే ఆయన ఇంకో మాట మాట్లాడడు. చల్లారాక బల్ల అంచునున్న ఇనప దవడల వైసులో బిగించి, రెండు ముక్కలుగా విరిచి, మూలనున్న బకెట్లో పడేస్తాడు. మూడు రోజుల చాకిరీ, మారు ప్రశ్న లేకుండా. దోషమున్నది గడప దాటకూడదు. ఆయనకున్న వేదాంతమంతా ఆ ఒక్క వాక్యమే.

ఏడేళ్ళుగా ఇదే పద్ధతి. పైకి చెప్పదు గాని ఆవిడకు ఇదంటే గర్వం. పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయింది. ఇంకే విషయంలోనూ మొగుడు ఆవిడ మాటను ఇంత నమ్మకంగా విన్నది లేదు. వినబడక వినకపోవడానికీ, వినబడీ వినకపోవడానికీ ఉన్న తేడా ఆవిడ కాపరానికొచ్చిన కొత్తలోనే కనిపెట్టేసింది.

ఇలా ఉండగా ఒకనాడు అక్క ఫోను చేసింది.

అక్కంటే ఆవిడ తోడబుట్టిన అక్క. పెద్ద ఇంట్లో పడింది, పెద్దగానే మాట్లాడుతుంది. ఊళ్ళోని ధర్మాసుపత్రి కమిటీలో సభ్యురాలు. చెల్లెలి మొగుణ్ణి ఇన్నేళ్ళలో ఎవరికి పరిచయం చేయాల్సి వచ్చినా, “మా మరిది, ఇనప పని” అని గొంతు కాస్త తగ్గించి చెబుతుంది.

“ఏమే, పిల్లల వార్డుకి మంచాలు కొనాలని వేలం పెడుతున్నాం. తలో వస్తువూ ఇస్తున్నారు. ఒకావిడ నాలుగు నెలలు కూర్చుని కుట్టిన పటం ఇస్తోంది. మిమ్మల్ని కూడా అడగమన్నారు. వాడని కుక్కరో, ఇస్త్రీ పెట్టో ఉన్నా సరే, ఏమీ అనుకోం.”

“మా ఆయన చేసిన కత్తి ఇస్తాం.”

“కత్తా? వేలంలో కత్తేమిటే! పోలీసులొస్తారు.”

“ఆయన కత్తి కోసం పెద్ద పెద్ద హోటళ్ళ వంటవాళ్ళు మూడు నెలలు ఆగుతున్నారక్కా.”

ఆగినవాడు నిజానికి ఒక్కడే. అదీ మూడు వారాలు. అక్కతో మాట్లాడేటప్పుడు ఆవిడ నోట్లో సంఖ్యలు కాస్త పొంగుతాయి.

“అంత గిరాకీ ఉందా!” అంది అక్క. “సరే, అంత గొప్పదైతే ముందు వరసలో పెట్టిస్తాను. వచ్చే శుక్రవారానికి నాకు చేరాలి. ఆదివారం వేలం. చూడు మరి, కమిటీ ముందు నా పరువు నీ చేతిలో ఉంది.”

ఫోను పెట్టేశాక ఆవిడ షెడ్డులోకి వెళ్ళి గట్టిగా అరిచి సంగతి చెప్పింది. కత్తులాయన మొహం వెలిగింది. “వదినగారు అడిగారా? నన్నా?” అన్నాడు, రెండుసార్లు.

మొదటి కత్తి నూనెలో మెలి తిరిగింది. రెండోది “అంది.” మూడోది మొదలుపెట్టేసరికి సోమవారమయింది. ఆయనకు అరవై మూడేళ్ళు. నడుము పట్టేసి, సుత్తి దెబ్బ దెబ్బకీ “అమ్మా” అంటున్నాడు. ఆ మాట తనకు వినబడదు కనుక ఎవరికీ వినబడదనే ఆయన ధీమా. బుధవారం మధ్యాహ్నం కేకేశాడు. ఆవిడ వచ్చి నిలబడింది.

“ఇది గనక పోతే ఇంక ఇవ్వలేం,” అన్నాడాయన కొలిమిలోంచి కత్తి తీస్తూ. “వదినగారికి ఫోను చేసి, మా వల్ల కాలేదని చెప్పేద్దాం.”

ముంచాడు. నూనె బుసకొట్టింది. ఆ బుస సద్దుమణుగుతుండగా, స్పష్టంగా, ఎవరో పక్కన నిలబడి గోరు విరిచినట్టు... టిక్.

“ఏమంది?”

“ఏమనలేదు,” అంది ఆవిడ.

అబద్ధం ఆడాలని ఆవిడ ముందుగా అనుకోలేదు. అనుకుని ఆడేవే అబద్ధాలయితే లోకంలో వాటి సంఖ్య సగానికి తగ్గేది. ఆ క్షణాన ఆవిడ కళ్ళకు కట్టింది ఉక్కు కాదు, అక్క మొహం. “పోనీలేవే, ఆ కుక్కరే ఇవ్వు” అనబోతున్న మొహం.

ఆయన ఊపిరి వదిలి, కత్తిని బల్ల మీద పెట్టి, ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వేడిగా ఉంది. ఆవిడ పాలు పొంగుతాయంటూ ఇంట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు లేవు.

మర్నాటికల్లా ఆవిడ మనసు తనకు అనుకూలంగా వాదించడం మొదలుపెట్టింది. వేలంలో కొన్న కత్తితో ఎవరు కూరలు తరుగుతారు? డబ్బున్నవాళ్ళు కొంటారు. అద్దాల బీరువాలో పెడతారు. దుమ్ము దులపడానికి తప్ప దాన్నెవరూ ముట్టుకోరు. పైగా పుణ్యకార్యం. పుచ్చు వంకాయలు దానానికి పనికొస్తాయన్న సామెత ఇలాంటి ఇల్లాలినెవరినో చూసే కట్టి ఉంటారు.

గరుకు కాగితంతో రుద్దుతుంటే పిడి దగ్గర, అంచు మీద, గీత కనబడింది. వెంట్రుక కన్నా సన్నం. ఇంకా సన్న కాగితం తీసుకుని రుద్దింది, పోయింది. నూనె రాసి తుడిచింది. నిమిషం ఆగి చూస్తే మళ్ళీ నల్లగా తేలింది. లోపల దాగిన నూనె చెమట పట్టినట్టు బయటికి వస్తోంది. మూడుసార్లు తుడిచింది, మూడుసార్లూ వచ్చింది. ఇక పిడి బిగించేటప్పుడు దాని మొదట్లో ఉండే ఇత్తడి పట్టీని ఒక గోరంత ముందుకు జరిపింది. గీత సగం దాని కిందికి పోయింది. అంతవరకూ ఆవిడ తప్పు నోటిది. అక్కడినుంచి చేతులది కూడా.

కత్తులాయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. “ఈ పట్టీ ఇంత ముందుకు పెట్టావేం?”

“అందంగా ఉంటుందని.”

“అవును, బాగుంది.” ఆయన తల ఊపాడు. “నీకు కళ ఉందే.”

ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రి పక్కన బడి హాలు నిండిపోయింది. వేలం నడిపేది బడిలో పూర్వం డ్రిల్లు చెప్పిన మాస్టారు. ఆయన గొంతుకు మైకు పెట్టడం మైకును అవమానించడమే. అక్క మరిదికి ముందు వరసలో, తన పక్కనే కుర్చీ వేయించింది. కుట్టిన పటం పోయింది, గడియారం పోయింది, ఎవరో ఇచ్చిన కుక్కరు కూడా పోయింది. ఏడో వస్తువు కత్తి. మఖ్మలు గుడ్డ పరిచిన పెట్టెలో దాన్ని అందరికీ చూపించి, డ్రిల్లు మాస్టారు కత్తులాయన్ని వేదిక మీదికి పిలిచాడు.

ఆయన మైకు పట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు.

“నాకు మాట్లాడటం రాదండీ. ఈ కత్తికి చెయ్యి నాది, చెవి మా ఇంటావిడది. నాకు ఏడేళ్ళుగా సరిగ్గా వినబడదు. ఉక్కులో దోషముంటే చిన్న చప్పుడొస్తుంది. అది ఆవిడే వినాలి. ఆవిడ సరేననకపోతే మా షెడ్డులోంచి సూది కూడా బయటికి రాదు. చప్పట్లు కొడితే ఆవిడకి కొట్టండి. నాకు కొట్టినా వినబడవు.”

హాలంతా ఘొల్లున నవ్వి, ఆ నవ్వుతోనే చప్పట్లు అందుకుంది.

“లేవవే! లేచి నిలబడు!” అక్క మోచేత్తో పొడిచింది. అక్క కళ్ళు తడిగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో అక్క ఆవిడను అలా చూసింది లేదు.

ఆవిడ లేచింది. నవ్వింది కూడా. తడి గోడకు అంటించిన కాగితంలా ఉంది ఆ నవ్వు, ఏ అంచు ముందు ఊడుతుందో తెలియకుండా. చెవుల్లోంచి వేడి వస్తోంది. రెండొందల మంది తన చెవులకేసి చూస్తున్నారు. వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. చప్పట్లు ఇంత సేపు కొడతారా మనుషులు?

పాట మొదలైంది. ఇద్దరు ముగ్గురు పోటీపడ్డారు. చివరికి కలప డిపో ఆయన పాడుకున్నాడు. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ఇల్లు ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. నిండా అద్దాల బీరువాలు. ఎవరికీ వాయించడం రాని పియానో కూడా ఒకటుంది. కత్తి ఇక క్షేమం, లోకం కత్తి నుంచి క్షేమం అనుకుంది.

కలప డిపో ఆయన వేదికెక్కి మైకు అందుకున్నాడు.

“ఇంత శ్రద్ధగా చేసినదాన్ని బీరువాలో పెడితే పాపం. ఇది ఈ ఆసుపత్రి వంటగదికే ఇచ్చేస్తున్నాను. గరిటమ్మా, ఇలా రా!”

గరిటమ్మ ఆసుపత్రి వంటగదికి పెద్ద. ఎనభై మంది రోగులకు రెండు పూటలా వండుతుంది. ఎవరైనా దారి అడిగితే గరిటెతోనే చూపిస్తుంది కనుక ఆ పేరు. నడుముకు కట్టుకున్న తుండుగుడ్డకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, పెట్టెలోంచి కత్తి తీసి, బొటనవేలితో అంచు తాకి చూసి, మైకు అవసరం లేకుండానే అంది:

“రేపు గుమ్మడికాయలున్నాయి బాబూ. పదహారు. ఒక్కోటీ రాయి. పాత కత్తితో కొట్టీ కొట్టీ నా భుజం పోయింది. ఇది మా కోడలి చేతికిస్తాను. పనిలో చేరి వారమే అయింది, కత్తంటే భయపడి చస్తోంది. ‘ఏం భయం లేదే, ఆ అమ్మ చెవితో విని మరీ పంపింది’ అని చెబుతా.”

మళ్ళీ చప్పట్లు.

గుమ్మడికాయ ఎలా కోస్తారో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పిడికి దగ్గరగా, మొత్తం బరువు వేసి నొక్కాలి. సరిగ్గా ఇత్తడి పట్టీ పక్కన.

ఇంటికి వెళుతూ ఆటోలో కత్తులాయన ఒకటే మాటలు. “వదినగారు నన్ను చూసి నవ్వారు, చూశావా?”

“అక్క అందరినీ చూసి నవ్వుతుంది. కమిటీలో ఉందిగా,” అంది ఆవిడ గట్టిగా.

“ఈసారి పళ్ళు కనబడేలా నవ్వారే!”

ఆవిడ వీధి వైపు తిరిగి కూర్చుంది. చెప్పాలంటే అప్పుడే చెప్పవచ్చు. అరిచి చెబితే ఆటోవాడు వింటాడని ఊరుకుంది. ఇంటికెళ్ళాక ఆయన భోంచేస్తున్నాడని ఊరుకుంది. ఆ తర్వాత ఆయన ఆనందంగా నిద్రపోయాడు.

సోమవారం పొద్దున కూరగాయలకని చెప్పి బస్సెక్కి నేరుగా ఆసుపత్రి వంటగదికి వెళ్ళింది. గుమ్మంలోనే వినబడింది, చెక్క మీద కత్తి దిగుతున్న చప్పుడు. గరిటమ్మ కోడలు, ఇరవై ఏళ్ళ పిల్ల, నాలుక కాస్త బయటపెట్టి, రెండు చేతులతోనూ నొక్కి రెండో గుమ్మడికాయను చీలుస్తోంది.

“ఆగమ్మా! ఆపు!”

కోడలు ఉలిక్కిపడి కత్తి వదిలేసింది. పొయ్యి దగ్గరనుంచి గరిటమ్మ తిరిగింది. “అయ్యో, మీరా! రండి రండి. వెన్నలో దిగినట్టు దిగుతోందమ్మా. ఏమయింది?”

ఏం చెప్పాలో బస్సులో పది రకాలుగా అనుకుంది. ఒక్కటీ నోటికి రాలేదు. “ఆ కత్తి... ఒకసారి నాకివ్వు, తీసుకెళతాను.”

“సాన పట్టి తెస్తారా? ఇంకా పదునెందుకమ్మా!”

ఎదుటివాళ్ళే అబద్ధం వండి, వడ్డించి, చేతికి అందిస్తే కాదనడానికి చాలా నిబ్బరం కావాలి. ఆవిడకు లేకపోయింది.

“ఆ. సాన పట్టి తెస్తాను.”

“ఎంత శ్రద్ధో చూడవే,” అంది గరిటమ్మ కోడలితో. “ఇచ్చేసి వదిలేసేవాళ్ళు కాదు.” పాత వార్తాపత్రికలో చుట్టి మరీ ఇచ్చింది.

తిరుగు బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని ఉపాయం ఆలోచించింది. షెడ్డులో ఎవరికో మాటిచ్చి చేసిపెట్టినది, ఇంచుమించు ఇలాంటిదే ఇంకోటి ఉంది, కాస్త పొట్టి. పట్టీ మార్చి అది ఇచ్చేస్తే గరిటమ్మ పోల్చుకోలేదు. ఆయన వంటగదికి వెళ్ళడు. అక్కకు తెలియదు. ఎవరి వేలూ తెగదు. అందరూ సుఖం. ఎంత చక్కగా అమరిందో చూసుకుని ఆవిడకే అసహ్యం వేసింది. అయినా ఇల్లు చేరేవరకూ దాన్నే గట్టిగా పట్టుకుని కూర్చుంది.

గేటు తీస్తుండగానే కేక వినబడింది.

“వచ్చావా? రా, రా! నీకోసమే ఆపాను. గంట నుంచి కొలిమి మండుతూనే ఉంది.”

సంచి భుజాన ఉండగానే వెళ్ళి నిలబడింది. ఆయన కత్తి తీశాడు. ఎర్రగా, అంచు దగ్గర నారింజ రంగులో ఉంది. ముంచాడు. ఆవిడ ఒళ్ళంతా చెవి చేసుకుని వింది. నూనె బుసకొట్టింది, సన్నగిల్లింది, ఆగిపోయింది. మరే చప్పుడూ లేదు.

“ఏమంది?”

ఏమీ అనలేదు. మంచి కత్తి. నిజమే చెప్పాలి, నిజం చెప్పడానికి అడ్డేమీ లేదు. అయినా ఆవిడకు నోరు పెగల్లేదు. బుధవారం అన్నదీ ఇదే మాట. అదే గొంతుతో, అక్కడే నిలబడి. ఆయన ఆ రోజు ఎలా చూశాడో ఇవాళా అలాగే చూస్తున్నాడు, ఏ మాట చెబితే ఆ మాట తీసుకోవడానికి సిద్ధంగా.

“ఏమందే?”

“ఆ రోజు అంది,” అంది ఆవిడ.

“ఏంటీ? గట్టిగా చెప్పు.”

సిగ్గుపడే మాట గొంతు తగ్గించి చెప్పుకోవాలని లోకరీతి. చెవిటి మొగుడున్న ఆడదానికి ఆ సౌకర్యం లేదు. ఆవిడ సంచిలోంచి వార్తాపత్రిక చుట్ట తీసి, విప్పి, కత్తిని కొలిమి పక్కనున్న దాగలి దిమ్మ మీద పెట్టింది.

“వేలం కత్తి! బుధవారం! చప్పుడు చేసింది!”

“ఎవరు చెప్పారు?”

“నేను విన్నాను!” గొంతు చీలిపోయేలా అరిచింది. “విని కూడా లేదన్నాను! అబద్ధం చెప్పాను! పట్టీ ముందుకు పెట్టింది అందానికి కాదు, గీత కనబడకుండా పెట్టాను!”

పక్కింట్లో మిక్సీ ఆగిపోయింది. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ ఒకే చొక్కాను చాలాసేపు దులపసాగింది.

కత్తులాయన కొత్త కత్తిని బల్ల మీద పెట్టి, దాగలి మీదున్న వేలం కత్తి తీసుకున్నాడు. పిడి ఊడదీసి, వైసులో బిగించి, పిడి ఉన్న చోటికి దగ్గరగా సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు. గాజు పెంకులా విరిగింది. విరిగిన చోటు వెలుతురుకి పట్టి ఆవిడకు చూపించాడు. చాలా భాగం ఇప్పుడే విరిగిన ఉక్కు, బూడిద రంగులో మెరుస్తోంది. అంచు వైపు చిటికెన వేలి గోరంత మేర మాత్రం నల్లగా, పాత మసిలా ఉంది. ఆ కాస్తా బుధవారమే విరిగిపోయింది. మిగతాది ఇన్నాళ్ళూ దాన్ని పట్టుకుని ఉంది.

“ఇంకెన్ని?” అన్నాడు.

“ఇంకేం లేవు! ఇదొక్కటే! ఒట్టు!”

“దీనికి కూడా ‘ఏమనలేదు’ అనే చెప్పావుగా.”

కోపంగా అనలేదు. లెక్క కుదరనివాడు లెక్క గురించి అడిగినట్టు అడిగాడు. ఏడేళ్ళలో చెప్పిన ప్రతి “ఏమనలేదు”నీ ఆయన ఇప్పుడు ఒక్కోటీ తీసి చూసుకుంటున్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. కాసేపటికి ఆయన బల్ల మీద ఉన్న కొత్త కత్తిని, ఏ దోషమూ లేనిదాన్ని, వైసులో బిగించాడు.

“అది మంచిదండీ! నిజంగా ఏమనలేదు!”

ఆయన విరిచాడు. లోపలంతా ఒకే రంగు. మచ్చ లేదు. దాన్ని కూడా బకెట్లో వేశాడు.

“ఎందుకు చేశావని అడగను,” అన్నాడు. “కత్తులు ఎవరెవరికి ఇచ్చామో రాసిన పుస్తకం సంచిలో వేసుకో. ముందు ఆ వంటగదికి పోదాం.”

దారిలో ఆయన మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడాలంటే బస్సంతా వినాలి.

వంటగదిలో రెండోసారి నోరు విప్పాల్సింది గరిటమ్మ ముందు. గరిటమ్మకు చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి కనుక మామూలు గొంతుతోనే చెప్పింది. అలవాటైతే సులువవుతుందంటారు, కాలేదు. చెబుతున్నంతసేపూ కోడలు తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంటూ నిలబడింది.

గరిటమ్మ అంతా విని గరిటె కింద పెట్టింది. అది పెద్ద సంగతే.

“పొద్దున సాన పడతానన్నారు.”

“అదీ అబద్ధమే.”

“నిన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టించుకున్నారు.”

“కొట్టించుకున్నాను.”

“అమ్మా, మీరు చదువుకున్నవాళ్ళు. మా కోడలికి ఇంకా చంటిపిల్ల ఉంది.” గరిటమ్మ గుమ్మడికాయల గుట్ట వైపు తిరిగింది. “పద్నాలుగు కాయలున్నాయి. సాయంత్రం ఆరుకి భోజనం గంట కొడతారు. నా పాత కత్తి అదిగో. కూర్చోండి.”

ఆవిడ కూర్చుంది. గరిటమ్మ పాత కత్తికి పదును అన్నది ఎప్పుడు పోయిందో దానికే గుర్తు లేదు. కాయను కోయడం కాదు, బతిమాలాలి. రెండో కాయకే అరచేతిలో బొబ్బ లేచింది. కత్తులాయన వంటగదిలో ఉన్న కత్తులన్నీ పోగుచేసుకుని, గుమ్మంలో చతికిలబడి, సంచిలోంచి సానరాయి తీసి ఒక్కోటీ నూరడం మొదలుపెట్టాడు. ఆవిడకు ఆయన వీపు మాత్రమే కనబడుతోంది.

నాలుగో కాయ దగ్గర ఉండగా అక్క వచ్చింది. వెంట ఒక ఫొటోగ్రాఫరు. కమిటీ పుస్తకంలో వేయడానికి, కొత్త కత్తితో కూరగాయలు తరుగుతున్న ఫొటో కావాలట.

“నువ్విక్కడున్నావేమిటే? మరిదిగారూ, మీరు కూడానా! కత్తేదీ?”

“విరిచేశాం అక్కా.”

అప్పుడు మూడోసారి చెప్పింది. ఇదే అన్నిటికన్నా కష్టమవుతుందని బుధవారం నుంచీ ఆవిడకు తెలుసు. అక్క ఫొటోగ్రాఫర్ని బయట నిలబడమని సైగ చేసి, దగ్గరికొచ్చి వంగింది.

“నెమ్మదిగా మాట్లాడవే, ఎవరైనా వింటారు.”

“విన్నారు. మా వీధిలో కూడా విన్నారు.”

“అసలెందుకు చేశావే ఈ పని?”

నీ వల్లే అంటే సరిపోతుంది. సగం నిజం కూడా. ఆవిడ కత్తి ఆపి, ఆ సగాన్ని పక్కకు నెట్టింది.

“నీ ముందు తల వంచుకోవడం ఇష్టం లేక.”

“మరిప్పుడు?”

“వంచే కోస్తున్నాగా.”

అక్క నవ్వలేదు. గుమ్మంలో కూర్చున్న మరిది వైపు ఒకసారి చూసింది. ఫొటో లేదని చెప్పడానికి బయటికి వెళ్ళిపోయింది. పళ్ళు కనబడలేదు.

కత్తులాయన లేచి వచ్చాడు. ఆవిడ చేతిలోని మొద్దు కత్తి తీసుకుని, నూరిన కత్తి ఇచ్చాడు. గింజలు తీసి పడేసిన గిన్నె పక్కన ఉన్న సంచిలోంచి పేర్ల పుస్తకం పైకి లాగి, మొదటి పేజీ తెరిచి, ఆవిడ ఎదురుగా ఉన్న పీట మీద పెట్టాడు. ఏడేళ్ళ పేర్లు, పక్కన ఫోను నంబర్లు, అన్నీ ఆవిడ చేతిరాతే.

“ఈ కాయలు అవ్వగానే వరసగా ఫోన్లు చెయ్యి. అందరి కత్తులూ వెనక్కి పంపమను. చూసి ఇద్దాం. ఎందుకంటే... అడుగుతారుగా, చెప్పు.”

ఆవిడ తల ఊపింది.

“నేను పక్కనే కూర్చుంటా.”

“మీకు వినబడదుగా!” అంది ఆవిడ గట్టిగా.

“నీ మొహం కనబడుతుంది,” అని ఆయన ఇంకో పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

ఆవిడ అయిదో కాయ దగ్గరికి లాక్కుంది.